గోడ పన్ను ఎవరు కట్టాలి?



ఈసారి కాస్త పెద్దగానే రాస్తున్నాను. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ సర్వసభ్య సమావేశానికి ముందు చదవండి.

సమావేశంలో ఒక సవరణ పెడుతున్నారు కదా. కొత్తగా చేరేవాళ్ళ స్వస్థలం ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉండాలి, దరఖాస్తు తెలుగులో తామే రాసి నింపాలి అని. దాని మీద మన గ్రూపులో వారం రోజులుగా జరుగుతున్న చర్చలో రెండు మాటలు నా మనసులో ముల్లులా ఉండిపోయాయి. ఒకటి, "మద్రాసు మనది, 1953లో పోగొట్టుకున్నాం" అని. రెండోది, "తమిళనాడు తెలుగువాళ్ళు, హోసూరు తెలుగువాళ్ళు అసలు తెలుగువాళ్ళు కారు, వాళ్ళ యాస వేరు, వాళ్ళకి చదవడం కూడా రాదు" అని. ఊరేమో మనదట. ఆ ఊళ్ళో నాలుగు వందల ఏళ్ళుగా ఉన్నవాళ్ళు మాత్రం మనవాళ్ళు కారట. ఈ రెండూ ఒకే నోట ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థం కాలేదు.

నేను పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే. మదరాసు మొత్తంలో కాదు, మదరాసులో గోడ లోపలి ఊళ్ళో. మన సభ్యుల్లో చాలామందికి చెన్నై అంటే మెరీనా, టీనగర్ చీరల కొట్లు, వడపళని స్టూడియోలు. సెంట్రల్ స్టేషన్లో దిగగానే దక్షిణానికి ఆటో ఎక్కేస్తారు. స్టేషన్ పక్కనుంచి ఉత్తరానికి పోయే రోడ్డు ఒకటుంది. పేరు వాల్‌టాక్స్ రోడ్డు. వ.ఉ.చి. గారి పేరు పెట్టారు గానీ జనం నోట్లో పాత పేరే ఉంది. ఆ రోడ్డుకి తూర్పున, సముద్రం దాకా ఉన్నదే మా ఊరు. కాగితాల మీద జార్జిటౌను. మాకు పట్నం.

వాల్‌టాక్స్ అంటే గోడ పన్ను. ఇది ఎక్కడి గోడ, ఎవరి పన్ను అన్నది ముందు చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా దాని మీదే ఉంది.

1639లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర సముద్రపు ఒడ్డున ఇసుక నేల పుచ్చుకున్నారు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం. ఒడ్డున కోట లేచింది. కోటలో తెల్లవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ కోసం బట్ట నేసేవాళ్ళు, రంగు అద్దేవాళ్ళు, సరుకు మోసేవాళ్ళు, అలల మీద మసూలా పడవలు నడిపేవాళ్ళు, లెక్కలు రాసే దుబాసీలు అందరూ కోటకి ఉత్తరాన. దాన్ని వాళ్ళు బ్లాక్ టౌన్ అన్నారు, నల్లవాళ్ళ ఊరు. జార్జి రాజుగారి పేరు 1911లో గానీ రాలేదు.

1746లో ఫ్రెంచివాళ్ళు ఊరు పట్టుకున్నారు. 1749లో తిరిగి ఇచ్చారు. కోటకి ఆనుకుని ఇళ్ళుంటే శత్రువు వాటి చాటున దాక్కుంటాడని, ఫిరంగి గుండుకి అడ్డం ఉండకూడదని, ఆ కాలంలో పాత ఊరంతా నేలమట్టం చేశారు. పట్నం గుడి అని పేరుపడ్డ చెన్నకేశవ పెరుమాళ్ళ గుడి కూడా అందులో పోయింది. తర్వాత పూలబజారు దగ్గర వేరేచోట కట్టారు. ఇవాళ హైకోర్టు నిలబడి ఉన్నది అలా ఖాళీ చేయించిన నేల మీదే. ఇక్కడినుంచి కోట వైపు ఎవరూ ఇల్లు కట్టకూడదని 1773లో నాటిన హద్దు స్తంభాల్లో ఒకటి పారీస్ కార్నర్ దగ్గర ఇప్పటికీ ఉంది. దాని పక్కనే బస్సు దిగుతారు జనం, అదేమిటో ఎవరూ చూడరు.

జనం ముత్యాలపేటలోకీ, పెద్దనాయకన్ పేటలోకీ సర్దుకున్నారు. పెద్దనాయకుడంటే ఊరి కావలి చూసే పెద్ద. 1769లో హైదర్ అలీ, ఇటు మన మైసూరు వైపు నుంచే, దండు తీసుకుని మదరాసు దాకా వెళ్ళి సంధి రాయించుకుని వచ్చాడు. ఆ భయంతో పాల్ బెన్‌ఫీల్డ్ అనే కాంట్రాక్టరు చేత ఊరికి ఉత్తరాన, పడమరన గోడ కట్టించారు. గోడకి గుమ్మాలు పెట్టారు. ఏనుగుల గుమ్మం ఒకటి. గుమ్మం పోయింది గానీ ఎలిఫెంట్ గేటు పోలీస్ స్టేషన్ ఉంది, యానైకవుని అనే పేరుంది. తోలు పనిచేసే కులం పేరుతో ఇంకొక గుమ్మం ఉండేది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

గోడ కట్టాక కంపెనీవాళ్ళు, ఇది మీ రక్షణ కోసమే కదా, ఖర్చు మీరే భరించండి అన్నారు. అదే గోడ పన్ను. అయితే అది చట్టం ముందు నిలుస్తుందా అన్న సందేహం వచ్చి వసూలు కాకుండానే ఆగిపోయింది. తర్వాతి శతాబ్దంలో గోడా పోయింది. వసూలుకాని పన్ను పేరు మాత్రం రోడ్డుకి మిగిలింది. గోడ ముక్క ఒకటి పాత జైలు రోడ్డు మీద ఉంది. దాని పైన తోట వేసి మాడిపూంగా అన్నారు, మేడమీది తోట అని. పిల్లలు ఆడుకుంటారు.

మరి అలాంటి ఊళ్ళో బతకడం ఎలా ఉంటుంది? కెమెరాలు పట్టుకుని ఆగస్టులో మదరాసు దినోత్సవానికి వచ్చేవాళ్ళకి అందంగా ఉంటుంది. పాత కిటికీలు, చెక్క స్తంభాలు, అరుగులు. లోపల ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఇళ్ళు రైలు పెట్టెల్లా ఉంటాయి. వీధిలో ఎనిమిది అడుగుల వాకిలి, లోపలికి వంద అడుగుల పొడుగు, ఒకదాని వెనక ఒక గది. పక్కింటి గోడే మన గోడ, వాళ్ళు దగ్గితే మనకి నిద్ర చెడుతుంది. కింద గోడౌను, మేడ మీద కాపురాలు. వీధికొక సరుకు. ఆండర్సన్ వీధిలో కాగితం, గోడౌన్ వీధిలో బట్ట, కొత్తవాల్ చావడిలో కూరగాయలు. కొత్తవాల్ చావడి మార్కెట్టు కన్యకాపరమేశ్వరి దేవస్థానం వారి స్థలంలో ఉండేది. 1996లో అది కోయంబేడుకి వెళ్ళేదాకా మా ఇళ్ళకి తెల్లవారడమంటే రాత్రి రెండు గంటలకే. లారీల హారన్లు, కుళ్ళిన ఉల్లి వాసన, మోకాలి దాకా బురద, మీన్‌బాడీ బండ్ల గంటలు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు వీధి మొదట్లోనే చెప్పులు చేత్తో పట్టుకునేవాళ్ళు.

మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేది. ఒళ్ళు చల్లబడేది, దాంతోపాటు కిటికీ ఊచలు తుప్పు పట్టేవి. డిసెంబరు 31 అర్ధరాత్రి రేవులో ఉన్న ఓడలన్నీ కలిసి కూతపెట్టేవి. మాకు కొత్త సంవత్సరం వచ్చేది ఆ కూతతోనే. రేవు ఉన్న ఊళ్ళో పిల్లవాడికి లోకం చిన్నప్పుడే తెలుస్తుంది. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు బీచ్ స్టేషన్ ఎదురుగా బజారు పెట్టుకున్నారు. అర్మీనియన్ వీధిలో అర్మీనియన్లు లేరు, వాళ్ళ చర్చి ఉంది. షావుకారు పేటలో గుజరాతీ, మార్వాడీ మాటలు. మా వీధిలో తమిళం, తెలుగు, ఉర్దూ. ఏ ఇంట్లో ఏ భాష అన్నది ఎవరూ అడిగేవాళ్ళు కారు, వాకిట్లో నీళ్ళ బిందె ఎవరిదన్నది మాత్రం గట్టిగా అడిగేవాళ్ళు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. మా పేటకి ఉత్తరాన ఏడు బావులు అనే చోటుంది, తమిళంలో ఏళు కిణరు. 1772లో అక్కడ తవ్విన బావుల నీళ్ళు కోటకి పంపేవాళ్ళు. బావి మా దగ్గర, నీళ్ళు కోటకి. ఈ లెక్క అక్కడితో ఆగలేదు.

రేవు సంగతి చూడండి. 1875లో రేవు పని మొదలైంది. 1881 తుఫాను దాన్ని పీకేసింది. మళ్ళీ కట్టారు. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు గోడలు సముద్రంలోకి చొచ్చుకుపోయేసరికి ఆ ఇసుక దక్షిణాన ఆగిపోయింది. అలా పెరిగిందే మెరీనా వెడల్పు. ఆ ఇసుక అందక ఉత్తరాన రాయపురం, కాశిమేడు తీరం కోసుకుపోయింది. వీధులు సముద్రంలో కలిశాయి. ఇప్పుడు అక్కడ రాళ్ళు పోసి కట్ట కట్టారు. అంటే దక్షిణం వాళ్ళకి గాలి పీల్చుకునే ఇసుకతిన్నె, ఉత్తరం వాళ్ళకి రాళ్ళగోడ. మనం పిల్లల్ని తీసుకెళ్ళి మెరీనాలో సుండల్ తింటున్నప్పుడు ఆ ఇసుక ఎవరి వాటాలోది అన్నది ఎవరికీ గుర్తురాదు.

దుమ్ము కూడా అంతే. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దింపినన్నాళ్ళు రాయపురం వైపు ఇళ్ళల్లో ఉతికి ఆరేసిన బట్ట నల్లబడేది, పిల్లలకి దగ్గు ఆగేది కాదు. హైకోర్టు ఉత్తర్వుతో 2011 అక్టోబరు నుంచి ఆ సరుకు మదరాసు రేవులో ఆగింది. ఎణ్ణూరుకి వెళ్ళింది. ఇంకా ఉత్తరాన ఉన్నవాళ్ళ వంతు వచ్చింది.

ఇంకొకటి. గోడ కట్టింది పడమరకీ ఉత్తరానికీ. కట్టిన తర్వాత మా ఊరికి వచ్చిన భయాలన్నీ తూర్పునుంచే వచ్చాయి. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ వచ్చి రేవు దగ్గరి చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. హైకోర్టు ప్రహరీ మీద కూడా గుండు పడింది. ఊరు సగం ఖాళీ అయింది. ఎవడైనా గడుసుగా తప్పించుకుంటే తమిళంలో ఇప్పటికీ వాణ్ణి ఎమ్డన్ అంటారు. 1942 ఏప్రిల్లో జపాన్‌వాళ్ళు వస్తున్నారని మళ్ళీ ఊరు పరుగెత్తింది. మా నాయనమ్మ చెప్పేది, ఇత్తడి సామాను నేలలో పాతిపెట్టి కాళహస్తి బండి ఎక్కారట. 2004 డిసెంబరులో సునామీ కాశిమేడు మీదికి వచ్చింది. ఒక భయాన్ని చూసి గోడ కడతాం, తర్వాతి భయం గోడ లేని వైపునుంచి వస్తుంది. గోడలు ఎప్పుడూ ఇంతే.

ఇప్పుడు "మద్రాసు మనది" అన్న మాటకి వస్తాను. అలా అనేవాళ్ళు చెప్పే పేర్లు నాకూ తెలుసు, నాకూ గర్వమే. బేరి తిమ్మప్ప కంపెనీకి దుబాసీ. గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1844లో క్రెసెంట్ పత్రిక పెట్టి కంపెనీని నిలదీశారు. తంబుశెట్టి వీధినుంచి ఆంధ్రపత్రిక వచ్చేది, నాగేశ్వరరావు పంతులుగారు 1914లో దాన్ని అక్కడ దినపత్రిక చేశారు. సైమన్ కమిషన్ నాడు పోలీసుల తుపాకీకి రొమ్ము చూపించిన ప్రకాశం పంతులుగారి పేరు ఇవాళ బ్రాడ్వేకి ఉంది, ప్రకాశం సాలై. ఆ పేరు పెట్టుకున్నది తమిళనాడు. త్యాగరాజస్వామి మదరాసు వస్తే దిగినది బందరు వీధిలో కోవూరు సుందరేశ మొదలియారు గారింట్లో. పాట తెలుగు, ఇల్లు తమిళం. ఎవరిది ఎవరికి పోయింది చెప్పండి?

పొట్టి శ్రీరాములు గారు పుట్టింది కూడా గోడ లోపలే, అన్నాపిళ్ళై వీధిలో, 1901లో. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15 దాకా, 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం వదిలారు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఏటా నవంబరులో మనం ఆయన పటానికి దండ వేస్తాం. అంతకు ముందు 1946లో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష చేసిన సంగతి మన సభల్లో ఎంతమంది చెబుతారు? ఆయన గుమ్మం తెరవమని కడుపు మాడ్చుకున్న మనిషి. ఆయన పటం కిందే మనం గుమ్మం మూసే సవరణ పెడుతున్నాం.

పేర్లున్న ఈ పెద్దలు కాక, పేర్లు లేని తెలుగువాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. రేవులో మూటలు మోసినవాళ్ళలో నెల్లూరు వైపువాళ్ళు, ఉత్తర సర్కారు జిల్లాలవాళ్ళు ఉన్నారు. మదరాసు కార్పొరేషన్ పారిశుధ్య కార్మికుల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో. మా వీధి తెల్లవారుజామున ఊడ్చిన అమ్మ తన కూతుర్ని తెలుగులో కేకలేసేది. మేం లోపల తెలుగులో కాఫీ అడిగేవాళ్ళం. రెండు తెలుగులూ ఒక గడప దూరంలో ఉండేవి. ఒకదాన్ని ఒకటి పలకరించుకునేవి కావు. ఆమె మా అరుగు ఎక్కేది కాదు, ఎక్కనిచ్చేవాళ్ళు కారు.

అంటే ఊరి గోడ కాక లోపల ఇంకా గోడలున్నాయి. ఇదీ కొత్త కాదు. కంపెనీ రోజుల్లో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని రెండు పక్షాలుండేవి. ఎవరి పెళ్ళి ఊరేగింపు ఏ వీధిలో పోవాలన్నది తగవు. 1707లో థామస్ పిట్ గవర్నరుగా ఉన్నప్పుడు అది ఊరంతా అట్టుడికే దాకా వచ్చింది. బతకడానికి ఒకే ఇసుక మీదికి వచ్చినవాళ్ళు, ఒకే కంపెనీకి సరుకు అమ్మేవాళ్ళు, వీధి కోసం కొట్టుకున్నారు. కోటలో కూర్చున్నవాడికి అంతకంటే సుఖం ఏముంటుంది? హైదర్ కోసం కట్టిన గోడ నూరేళ్ళు కూడా నిలవలేదు. ఈ లోపలి గోడలు మాత్రం సున్నం రాలకుండా ఉన్నాయి.

ఇక చదవడం రాదన్న మాట. నేను చదువుకున్నది తమిళ మాధ్యమంలో. మా వీధికి దగ్గర్లోని బడిలో తెలుగు విభాగం పిల్లలు చాలక నేను చేరేనాటికే మూతపడింది. ఆ రోజుల్లో అది ఎవరి కుట్రా కాదు. మదరాసులో ఉండేవాడికి తమిళం అన్నం పెడుతుంది, పెట్టింది కూడా. తిరుక్కురళ్ చదివినందుకు నా తెలుగు తరిగిపోలేదు. తెలుగు అక్షరాలు నాకు రైల్వే నేర్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో గూడూరు వైపు వేశారు. సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు అని స్టేషన్ బోర్డుల మీద మూడు లిపులు ఉండేవి. ఇంగ్లీషు చూసి తెలుగు పోల్చుకుంటూ ఒత్తులతో సహా పట్టుకున్నాను. సాల్ట్ కొటార్స్ గూడ్స్ షెడ్డుకి వచ్చాక ఆ పేరులో ఉన్నది మన కొఠారు మాటేనని తెలిసి నవ్వుకున్నాను. ఈ సవరణ అప్పట్లో ఉండి ఉంటే, 22 ఏళ్ళ నేను దరఖాస్తు నింపలేక మీ గుమ్మం ముందు నిలబడేవాణ్ణి. పుట్టిన ఊరు అన్న గడి దగ్గర ఇప్పటికీ నిలబడతాను.

నాకు కనీసం స్టేషన్ బోర్డులున్నాయి. ఇప్పటి పిల్లలకి అదీ లేదు. తమిళనాడులో 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. కర్ణాటకలో 2015లో కన్నడానికి చట్టం వచ్చింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవాలనడంలో నాకు తప్పు కనిపించదు. నేర్చుకోనివాడే ఊరికి బరువు. కానీ దానితోపాటు ఇంటి అక్షరం నేర్పే పని ఎవరిది? ప్రభుత్వం చెయ్యదు. అది మన సంఘాల పని. ఆ పని చెయ్యకుండా, అక్షరం రానివాణ్ణి తెలుగువాడు కాదని గేటు దగ్గర ఆపడం ఎలా ఉందంటే, సరుకు డెలివరీ ఇవ్వాల్సినవాడే తాళం వేసుకుని వెళ్ళిపోయి, తర్వాత వచ్చి పార్టీ దగ్గర డెమరేజ్ వసూలు చేసినట్టుంది. ముప్పై ఆరేళ్ళు గూడ్సులో పనిచేశాను, ఆ లెక్క ఎవరూ ఒప్పుకోరు.

ఇదంతా మదరాసు సంగతి, బెంగుళూరుకి ఏమిటి సంబంధం అంటారా? చాలా ఉంది. బెంగుళూరుకి సముద్రం లేదు గానీ రేవు ఉంది, అది మదరాసే. 1864లో జోలార్‌పేట నుంచి కంటోన్మెంటుకి రైలు వచ్చింది మొదలు, ఇవాళ వైట్‌ఫీల్డ్ డిపో నుంచి పోయే కంటెయినర్ల దాకా, సరుకు దిగేది, ఎక్కేది అక్కడే. నన్ను ఇక్కడికి బదిలీ చేసినప్పుడు బెంగుళూరు డివిజన్ కూడా దక్షిణ రైల్వేలోనే ఉండేది. ఇదీ గోడ ఊరే. 1537లో కెంపేగౌడ మట్టిగోడ కట్టించిన పేట ఇది. 1791లో కారన్‌వాలిస్ ఆ గోడ దాటి లోపలికి వచ్చాడు. ఇవాళ గోడ ఎక్కడ? హలసూరు గేటు అని పోలీస్ స్టేషన్ ఉంది, ఎలిఫెంట్ గేటు లాగే. రెండు ఊళ్ళలోనూ గోడకి మిగిలింది పోలీస్ స్టేషన్ పేరే.

పొద్దున ఆరింటికి మీ వీధిలోకి ఒకసారి రండి. చీపురు పట్టుకున్న పౌరకార్మికుల్ని తెలుగులో పలకరించండి. ఎక్కువమంది తెలుగులోనే జవాబిస్తారు. వాళ్ళ తాతలు చిత్తూరు, అనంతపురం వైపుల నుంచి వచ్చినవాళ్ళు. మనలో చాలామంది ఐటీ కంపెనీలతో వచ్చినవాళ్ళం, లేకపోతే నాలాగా బదిలీ మీద వచ్చినవాళ్ళం. ఈ ఊళ్ళో వాళ్ళు మనకంటే పాత తెలుగువాళ్ళు. మన సంఘంలో వాళ్ళ ఇంటివాళ్ళు ఎందరున్నారు? జాబితా నేను చూశాను. ఒక్కరూ లేరు. ఉగాది రోజు మన హాలు ఊడ్చి వెళ్ళే ఆమె తెలుగామె. మనం లోపల కవిసమ్మేళనం పెట్టుకుంటాం, ఆమె వెనక తలుపు దగ్గర ప్లాస్టిక్ కవర్లో పులిహోర పట్టుకుని వెళ్ళిపోతుంది. ఆమె తాత ఊరు గురించి ఆధారం చూపించలేదు, దరఖాస్తు రాయలేదు. కొత్త సవరణ ఆమెని ఇంకా దూరం చేస్తుంది.

గోడ పన్ను మా ఊళ్ళో కాగితం మీద వసూలు కాలేదన్నాను. కానీ నా లెక్కలో అది ప్రతి రోజూ వసూలైంది. బావి నీళ్ళతో కట్టారు, కోసుకుపోయిన వీధులతో కట్టారు, పిల్లల దగ్గుతో కట్టారు, చీపురుతో కట్టారు. కట్టినవాళ్ళ పేరు ఏ రాతి మీదా లేదు. ఊరు ఎవరిదని నన్నడిగితే వాళ్ళదే అంటాను. వాళ్ళలో తమిళులున్నారు, తెలుగువాళ్ళున్నారు, ఉర్దూవాళ్ళున్నారు. 1953లో సరిహద్దు మారింది, వాళ్ళ బరువు మారలేదు. పోగొట్టుకున్నాం అని ఏడ్చేవాళ్ళు, ఆ తర్వాత ఒక్కసారైనా పెద్దనాయకన్ పేటకి వెళ్ళి, అక్కడి తెలుగు పిల్లవాడికి ఒక వాచకం కొనిచ్చారా? పోయింది ఊరు కాదు, అక్కడివాళ్ళని మనం వదిలేసుకున్నాం. ఇప్పుడు బెంగుళూరులో ఉన్నవాళ్ళని కూడా వదులుకుంటామా?

సవరణ పెట్టినవాళ్ళ ఆందోళన నాకు తెలియక కాదు. భాష పట్టనివాళ్ళు, హాలు తక్కువ అద్దెకి వస్తుందని మాత్రమే చేరేవాళ్ళు పెరిగిపోతున్నారని వాళ్ళ బాధ. అది నిజమే. అలాంటి ఇద్దరు ముగ్గురు నాకూ తెలుసు. తమాషా ఏమిటంటే వాళ్ళ స్వస్థలాలు గుంటూరు, కరీంనగరే. వాళ్ళకి తెలుగు రాయడం కూడా బాగా వచ్చు. ఈ గోడ వాళ్ళని ఆపదు. హాలు దుర్వినియోగం ఆపాలంటే, రెండేళ్ళు సభ్యత్వం నిండాకే అద్దె రాయితీ అని నిబంధన పెట్టండి, నేను మద్దతిస్తాను.

నా ప్రతిపాదనలు మూడు, కార్యదర్శిగారికి రాసి ఇచ్చాను. ఒకటి, స్వస్థలం షరతు తీసెయ్యాలి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, తెలుగు నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఎవరైనా సభ్యులు కావచ్చు. తెలుగు రాయలేనివాళ్ళ దరఖాస్తు మనలో ఒకరు పక్కన కూర్చుని నింపాలి. రెండు, పౌరకార్మికుల కుటుంబాలకి ఏడాది రుసుము నామమాత్రంగా పెట్టాలి. వాళ్ళని పిలవడానికి మనమే వెళ్ళాలి, వాళ్ళు వచ్చి అడగాలని కూర్చోకూడదు. ఈ ఉగాదికి వేదిక ముందు వరసలో వాళ్ళకి కుర్చీలు వెయ్యాలి. మూడు, ఆదివారం పొద్దున రెండు గంటలు హాలులో అక్షరాల తరగతి నడపాలి. పిల్లలకే కాదు, నాలాగా వేరే మాధ్యమంలో చదువుకున్న పెద్దవాళ్ళకి కూడా. పలకలు, వాచకాలు మొదటి ఏడాది నా పింఛనులోంచి కొంటాను. ఒత్తులు చెప్పడానికి నాకంటే బాగా వచ్చినవాళ్ళు ఇంకో ఇద్దరు కావాలి. పేర్లు ఈ పోస్టు కిందే ఇవ్వండి.

సమావేశంలో సవరణకి వ్యతిరేకంగా నేను చెయ్యెత్తుతాను. పక్కన ఎవరు ఎత్తినా ఎత్తకపోయినా ఎత్తుతాను. ఎత్తేముందు మీరందరూ ఒకసారి ఆలోచించండి, మీ ఇళ్ళల్లో అమెరికా వెళ్ళిన పిల్లలున్నారు. వాళ్ళ పిల్లల పుట్టిన ఊరు డల్లాస్, బే ఏరియా. తెలుగు చదవడం వాళ్ళకి రాదు. వాళ్ళు సెలవులకి వచ్చి మన సభ్యులమవుతామంటే, ఇదే ఫారం వాళ్ళ చేతికిస్తారా?